మారేడుకు మూరెడు నేల

కోసిన నాడే నోటికి లొంగని పండ్లు, వాటిని మరచిన పెరళ్ళు, ఇంద్రేశం కొత్త కాలనీలలో వాటికి మరల దొరకదగిన చోటు

చెట్టునుండి కోసిన చేతితోనే కొరికి తినుటకు వీలుపడని పండ్లు కొన్ని కలవు. పైకి పక్వమైనట్లు తోచినను అవి కోసిన పిదప కొంతకాలము తమలో తాము పాకమునకు రావలెను. లేదా పొయ్యి సెగ తగిలి మెత్తబడవలెను. ఈ జాతి ఫలములకు తినువాని ఆకలితో నిమిత్తము లేదు, వాని ఓపికతోనే నిమిత్తము. ఆకలి పెరిగి ఓపిక తరిగిన కాలమున అవి పెరళ్ళనుండి తప్పుకొనుట సహజమే. అయినను వాటితోపాటు మన వంటయింటినుండియు వాకిటినుండియు ఏమేమి తప్పుకొన్నవో ఒక్కమారు లెక్క చూచుకొనుటలో దోషము లేదు.

ఐరోపా ఖండపు పెరటి తోటలలో ఒకప్పుడు క్విన్స్ అనియు మెడ్లర్ అనియు రెండు చెట్లు మన్నన పొందినవి. క్రీస్తుశకము 800 ప్రాంతమున షార్లమేన్ చక్రవర్తి తన భూములలో నాటదగిన మొక్కలకై వెలువరించిన పట్టికలో ఈ రెండింటికిని చోటు దక్కినది. క్విన్స్ పండు పసిడివన్నెతో గదినిండ పరిమళించుచు కంటికి ఎంత మనోహరమో పంటికి అంత కఠినము. చక్కెరతో చేర్చి సన్నని సెగపై చాలసేపు ఉడికించినప్పుడు గాని వగరు విడిచి, ఎర్రబారి, ముద్దగట్టి రుచికి రాదు. మెడ్లర్ నడవడి అంతకన్నను వింతయైనది. మంచు కురియు దినములలో కోసి, గడ్డి పరచి, దానిపై వారముల తరబడి ఉంచగా లోపలి గుజ్జు గోధుమవన్నెకు తిరిగి, కొత్తవాడు చూచి కుళ్ళినదని పారవేయదగిన దశలో మాత్రమే అది తియ్యనగును. శీతల గిడ్డంగులు, రైలు పెట్టెలు, సంవత్సరము పొడవునను దొరకు ఆపిళ్ళు వచ్చిన పిమ్మట ఈ రెండును వెనుకకు జరిగినవి. ఇప్పుడు ఇంగ్లండు మొదలగు దేశములలో పాతకాలపు చెట్లని మురిపెముతో వాటిని మరల నాటుకొనువారు కనబడుచున్నారు.

ఇంత దూరపు చెట్ల ముచ్చట ఇంద్రేశము వారికెందులకని పాఠకులు అడుగవచ్చును. సంగారెడ్డి జిల్లాలో, పటాన్‌చెరువు పారిశ్రామిక వాడల అంచున, నిన్నమొన్నటివరకు గ్రామపంచాయతీగా నుండి ఇటీవల పురపాలక సంఘమైన ఈ ఊర నేడు చేల హద్దురాళ్ళకన్న ప్లాట్ల హద్దురాళ్ళే ఎక్కువ. కర్మాగారములలోను సాఫ్ట్‌వేరు కార్యాలయములలోను పనిచేయువారు, ఉద్యోగ విరమణ చేసినవారు, నగరపు అద్దెయిండ్లకు విసిగినవారు ఇక్కడ నూటయేబది గజములలో, రెండువందల గజములలో ఇండ్లు కట్టుకొని, మిగిలిన నాలుగడుగులలో ఏదో ఒక మొక్క నాటవలెనని తహతహలాడుదురు. ఈ పరిసరములందలి కొత్త వెంచర్లలో కొన్నింటికి ఆంగ్లమున ఫలవనమని అర్థము వచ్చు పేర్లు పెట్టిరి. ఫలవృక్షము మాత్రము ఆ పేరు వ్రాసిన ఫలకముపైననే దర్శనమిచ్చును. మొక్కలపై ఆసక్తిగలవారి చూపు డ్రాగన్ ఫ్రూటుపైనను, అవకాడోపైనను, వేడి ప్రాంతమున కాయునని చెప్పి అమ్మెడి ఆపిలుపైనను నిలిచియున్నది. ఆ వరుసలో రేపు క్విన్స్ వచ్చినను ఆశ్చర్యపడనక్కరలేదు.

వచ్చినను కాయదు. శిశిరమున ఆకు రాల్చి నిదురించు ఈ శీతలదేశపు చెట్లకు ఆ నిద్ర తీరవలెనన్న 7 డిగ్రీలకు దిగువ చలి కొన్ని వందల గంటలపాటు సోకవలెను. పటాన్‌చెరువు తెలంగాణమున చలికి పేరుపడిన చోటే. డిసెంబరు, జనవరి మాసములలో పత్రికలు ప్రకటించు ఉష్ణోగ్రతల పట్టికలో దీని పేరు తరచుగా ముందువరుసలోనే యుండును. కాని తెల్లవారుజామున కొద్ది గంటలు మాత్రమే నిలిచెడి ఆ చలి మధ్యాహ్నపు ఎండకు మాయమగును. ఇంతటి కునుకు ఆ చెట్టునకు చాలదు. మన దేశమున క్విన్స్‌కు తగిన నేల కాశ్మీరము. అక్కడివారు దానిని బమ్‌చూంఠ్ అని పిలిచి, వంకాయతో కలిపి కూర వండుదురు.

అయినను ఈ పండు మన ప్రాంతమునకు పూర్తిగా పరదేశి యనుట సరికాదు. హైదరాబాదు పాత నగరపు యూనానీ మందుల దుకాణములలో బిహీదానా యను పేర అమ్మెడి ముదురు గోధుమవన్నె గింజలు క్విన్స్ గింజలే. నీట నానినచో జిగురుగా ఉబ్బెడి ఆ గింజలను హకీములు దగ్గునకును గొంతు మంటకును ఉన్నాబ్, సపిస్తాన్ అను మరి రెండు ద్రవ్యములతో చేర్చి కషాయముగా ఇచ్చుట తరతరముల వాడుక. ఉన్నాబ్ మన రేగుపండునకు దాయాది. సపిస్తాన్ అనగా ఎండిన నక్కెరకాయ. దాని చెట్టు మన చెలక గట్లపై పెరుగునదే, దాని బంకతో పిల్లలు కాగితములు అతికించుకొన్నదే. పర్షియాపు తోట చెట్టును తెలంగాణపు గట్టు చెట్టును ఒకే కషాయపు గిన్నెలో కలిసినవన్నమాట.

ఆంగ్లేయులు ఈ దేశపు చెట్లను చూచునప్పుడు తమ పెరటి చెట్లనే తలచుకొనిరి. మారేడును బెంగాలు క్విన్స్ అనిరి, పొగడను ఇండియన్ మెడ్లర్ అనిరి. అంతకు మునుపే, 1753లో లినేయస్ పండితుడు మారేడునకు శాస్త్రనామము కూర్చుచు పోర్చుగీసు భాషలోని క్విన్స్ పేరును అందులో ఇమిడ్చెను. వృక్షశాస్త్రము మాత్రము ఈ చుట్టరికము నొప్పుకొనదు. క్విన్స్, మెడ్లర్ రెండును గులాబి కుటుంబమునకు చెందినవి. మారేడు నిమ్మ, నారింజల కుటుంబము. పొగడ సపోటాల కుటుంబము. రక్తసంబంధము లేకున్నను స్వభావమున సామ్యము కలదు. కనుక పాతకాలపు ఫలవృక్షము నొకదానిని ఇంట పెంచుకొనవలెనన్న కోరిక గలవారు కాశ్మీరమువైపు చూడనక్కరలేదు. శివాలయపు ప్రాంగణమువైపు చూచిన చాలును.

దేవుని చెట్టు, పండ్ల చెట్టు

మారేడు ఆకుకొరకే పుట్టిన చెట్టని మనవారి నమ్మకము. శివునికి మూడాకుల దళము, వినాయకచవితి నాటి ఇరువదియొక్క పత్రులలో ఒక పత్రము, ఇంతటితో దాని పని తీరినదని ఎంచుదురు. వేసవిలో గుడి ఆవరణమున రాలి పగిలిన మారేడు పండ్లు చీమల పాలగుచుండగా వాటిని దాటుకొనుచు ప్రదక్షిణములు చేయువారిని ఎచ్చటనైనను చూడవచ్చును. ఉత్తరాదిన సంగతి వేరు. కాశీలోను, పాట్నాలోను, లక్నోలోను ఎండలు ముదురగానే వీథివీథిని మారేడు పానకపు బండ్లు వెలయును; పచ్చికాయలతో మురబ్బా పెట్టుదురు; ఎండిన ముక్కలను కడుపు నొప్పులకును విరేచనములకును ఔషధముగా దాచుకొందురు. అక్కడ ఆ చెట్టు పూజకును పనికివచ్చును, భోజనమునకును పనికివచ్చును. ఒకదానివలన రెండవదానికి లోటు రాలేదు.

ఆ ఆదరణమువలననే మారేడులో మేలురకములు అక్కడనే వెలువడినవి. ఉత్తరప్రదేశములోని కుమార్‌గంజ్ నరేంద్రదేవ వ్యవసాయ విశ్వవిద్యాలయము నరేంద్ర బేల్ అను వరుసను, లక్నో కేంద్ర ఉపోష్ణ ఉద్యాన సంస్థ సి.ఐ.ఎస్.హెచ్. బి-1, బి-2 అను రకములను, పంత్‌నగర్ విశ్వవిద్యాలయము పంత్ శివాని, పంత్ అపర్ణ మొదలగు వాటిని ఎంపిక చేసి విడుదల చేసినవి. మన పెరళ్ళకు ముఖ్యముగా పనికివచ్చునవి రెండు. పంత్ అపర్ణ కొమ్మలు క్రిందికి వ్రేలాడు చిన్న చెట్టు, దానికి ముళ్ళు మిక్కిలి తక్కువ. గుజరాతులో గోధ్రా సమీపమున వేజల్‌పూర్ పరిశోధన కేంద్రము రూపొందించిన గోమ యశి పొట్టిరకము, దానికి ముళ్ళే యుండవు. విత్తుతో మొలచిన మారేడు కాపునకు ఏడెనిమిదేండ్లో, అంతకు మించియో తీసికొనగా అంటుమొక్క నాలుగైదేండ్లకే కాయును.

మారేడు కాపులోని నిదానము ప్రత్యేకముగా చెప్పదగినది. వేసవి చివర పూచిన పూవు కాయయై పండుటకు పది పదునొకండు మాసములు పట్టును. ఆకులన్నియు రాలి చెట్టు బోసిపోయిన వేళ, పెంకు గట్టిపడిన కాయలు మాత్రము కొమ్మలకు గుండ్లవలె వ్రేలాడుచుండును. అవి దిగునంతలో మరల చిగురు, దాని వెనుకనే పూత వచ్చును. కాయ ఆకుపచ్చనుండి లేతపసుపునకు తిరుగు సమయమున తొడిమతో కూడ కోసి వారము పది దినములు ఇంటిలో ఉంచవలెను. తొడిమ తనంతట ఊడివచ్చునప్పటికి లోపల పాకము పూర్తియైనట్లు. అంతవరకు ఆగలేక చెట్టుననే విడిచినచో రాలి పగులును, పగిలినది నిలువదు.

పగులగొట్టుటకు కత్తి చాలదు. రోకటిపోటో, రాతిదెబ్బయో కావలెను. లోపల నారింజవన్నె గుజ్జు, గింజలచుట్టు జిగురు, వర్ణింప నలవిగాని ఒక సుగంధము. గుజ్జును నీట నానవేసి, గింజలు నలుగనీయక చేతితో పిసికి, జల్లెడపట్టి, బెల్లమును ఏలకులను చేర్చినచో చిక్కని పానకము సిద్ధమగును. గింజ నలిగిన పానకమునకు చేదు పట్టును. మిక్సీ మీటను నమ్ముకొన్నవారు మారేడు బాగుండదని చెప్పుటకు చాలవరకు ఇదియే కారణము. శ్రీరామనవమి పానకమునకు మిరియములు దంచుకొను ఓపికగల ఇంటిలో ఈ పానకమునకు చేతులు రాకపోవునా?

వెలగ, పొగడ, వాక్కాయ

మారేడునకు దగ్గరి చుట్టమైన వెలగ తెలుగువారి నాలుకపై పండుగాకన్న మాటగానే మిగిలినది. ఎటును చెప్పలేని ఇరుకున పడినవాని గొంతులో వెలక్కాయ పడినదందురు. తెలియకుండ పోయిన సంపదకు ఏనుగు మ్రింగిన వెలగపండును ఉపమానముగా సుమతీశతకకారుడు బడిపిల్లలకందరికిని నేర్పిపోయెను. ఏటికొక్కమారు, వినాయకచవితినాడు, పాలవెల్లికి వ్రేలాడగట్టుటకు మాత్రము వెలక్కాయ సంతలో కనబడును. ఆ పండుగనాటి కాయను మరునాడు నిమజ్జనముతోపాటు సాగనంపక, పండుటకు విడిచి తిన్నవారు ఎందరు?

పండినదానిని గుర్తించుటకు పూర్వులెరిగిన పరీక్ష యొకటి కలదు. అడుగు ఎత్తునుండి గట్టినేలపై కాయను విడువవలెను. పచ్చిది ఎగురును, పండినది ఎగురదు. పిదప రెండు వారములు ఎండలో నుంచినచో లోపలి గుజ్జు గోధుమవన్నెకు మారి, పులుపును తీపును కలసిన పక్వతకు వచ్చును. మెడ్లర్‌ను గడ్డిపై మాగబెట్టువాని పనికిని ఈ పనికిని పెద్ద భేదము లేదు. దోరకాయ గుజ్జును పచ్చిమిరపకాయలతో నూరి తాలింపు పెట్టిన పచ్చడి, పండు గుజ్జును బెల్లముతో కలిపిన ముద్ద, ఈ రెండింటిలో ఏది గొప్పదన్న తగవు తీర్చుట నావల్ల కాదు. పచ్చడివైపు మొగ్గు కలదని మాత్రము ఒప్పుకొందును.

కాని వెలగను రెండువందల గజముల ఇంటివారికి సిఫారసు చేయజాలను. అది పెద్దవృక్షము, ముళ్ళుగలది, ఎదుగుదల మందము. విత్తుమొక్క కాపునకు పదునైదేండ్లైనను పట్టవచ్చును. ఇంటికై తీసికొన్న బ్యాంకు ఋణము తీరువేళకు తొలికాయ కనబడునన్నమాట. దానికి తగిన చోటు కాలనీవారు పార్కుకొరకు విడిచిన స్థలము, చెరువుగట్టు దిగువ, బడి ఆవరణము. పొగడ సంగతియు అట్టిదే. కావ్యనాయికలు మద్యము పుక్కిలించి ఉమిసినచో పూచునని కవులు వర్ణించిన చెట్టు, ఎండిన పిదపను పరిమళము విడువని పూవుల చెట్టు. దట్టమైన నీడనిచ్చును గనుక వీథి కిరువైపుల నాటుటకు ప్రశస్తము. ఇక దాని పండంటారా, నారింజవన్నెతో చూడముచ్చటగానే యుండును. పిండిపిండిగా, వగరుగా నుండు ఆ రుచిని ఒకమారు చూచినవారు రెండవమారు అడుగుట అరుదు. ఇండియన్ మెడ్లర్ అని పేరిచ్చినవాడు దానిని తిని చూచెనో లేదో! పొగడను పండు కొరకు నాటకుడు, పూవు కొరకు నాటుడు.

ఇంటి గోడవెంబడి నిలుపదగినది వాక్కాయ. కంచెగా కత్తిరించినను కాయును, నీరు తక్కువైనను ఓర్చుకొనును, వానకాలమున పప్పులోనికి చింతపండుతో పనిలేకుండ చేయును. బేకరీలో కేకుపై ఎర్రగా మెరయు చెర్రీ పండును ఇష్టముగా తినువారు పెక్కుసార్లు తిన్నది చక్కెరపాకమున ఊరి రంగు పూసికొన్న వాక్కాయయే. ఇంటిముందు పెరిగినప్పుడు ముళ్ళకంపయని నరికించి, దానినే కొట్టులో కొనితెచ్చుకొనుట మన నాగరకతలోని చిత్రము. సీతాఫలమును గూర్చి వేరుగా చెప్పనక్కరలేదు. పాలమూరు బాలానగరపు పేరుతో ప్రసిద్ధమైన రకము ఈ నేలలకు తగినదే, కండ్లు విచ్చి నడుమ తెలుపు తేలినప్పుడు కోసి నాలుగు దినములు మాగబెట్టు విద్య ఇంకను మన ఇండ్లలో బ్రతికియేయున్నది. ఆ ఒక్క విద్య బ్రతికియుండుటచేతనే మారేడు, వెలగల విషయమున ఆశ మిగిలినది.

ఈ చెట్లను ఇంట నాటరాదని చెప్పు కారణములలో మిక్కిలి బలమైనది వాస్తు. ముళ్ళచెట్టు ఇంటి ఆవరణమున కలహహేతువని కొందరు, మారేడు మహాపవిత్రము గనుక మైల సోకునని మరికొందరు చెప్పుదురు. ముళ్ళ భయమునకు ముళ్ళులేని రకములే సమాధానము. పవిత్రతను గూర్చిన భయమునకు నా సమాధానము వేరు: తులసికి లేని మైల మారేడునకెక్కడిది? నిజమునకు ఈ చెట్లకు శత్రువు వాస్తుకన్న టైల్సు. గేటునుండి పెరటివరకు, గోడనుండి గోడవరకు, బురద కాకూడదని, పాములు రాకూడదని, కారు నిలుపవలెనని నేలనంతయు రాతిపలకలతో మూసివేసినపిమ్మట మొక్కకు మిగిలినది కుండీ మాత్రమే.

ఈ నేల, ఈ నీరు

పటాన్‌చెరువు నేలకు ఒక విశేషము కలదు. 1972లో అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధన సంస్థ, మనము ఇక్రిశాట్ అని పిలుచునది, ఇక్కడ సుమారు 1,400 హెక్టార్లలో వెలయుటకు గల కారణములలో ఒకటి ఎర్రనేలయు నల్లరేగడియు రెండును ఒకేచోట దొరకుట. ఇంద్రేశము పరిసరములలోను ఈ రెండు నేలలను చూడవచ్చును. ఏటా 800 నుండి 900 మిల్లీమీటర్ల వాన, దానిలో అధికభాగము జూన్ మొదలు అక్టోబరు లోపల. పిదప ఏడెనిమిది మాసముల పొడి కాలము. క్విన్స్‌కు శాపమైన ఈ ఎండయే మారేడునకు వరము. ఆకు రాల్చుటకు దానికి పొడి ఋతువు కావలెను. 48 డిగ్రీల వేడికిని ఓర్చును. రాతినేలయైనను, చవుడు కొంత కలసిన నేలయైనను మెలగును.

కాని ప్లాటులోని మన్ను ఊరి మన్ను కాకపోవచ్చును. వెంచరు వేసినవారు పల్లము పూడ్చుటకు మొరము పోయుదురు; ఇల్లు కట్టినవారు సిమెంటు పెళ్ళలను, ఇటుక ముక్కలను అందులోనే కప్పిపెట్టుదురు. కనుక మూడడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, మూడడుగుల లోతు గొయ్యి త్రవ్వి, వచ్చిన పెంకులను పెళ్ళలను బయటవేసి, మంచి మన్నును, చివికిన పశువుల ఎరువును, వేపపిండిని కలిపి నింపవలెను. ఎర్రనేలలో చెదలు అధికము, వేపపిండి మానరాదు. నల్లరేగడిలో నీరు నిలిచి వేరు మురుగును, మొక్కను కొంచెము మెట్టగా ఎత్తి నాటవలెను. గోడకు ఎనిమిది పది అడుగుల దూరము ఉన్నచో మేలు. పండ్లు కోసిన వెంటనే, కొత్త చిగురునకు మునుపు, కొమ్మలను కత్తిరించుచు వచ్చినచో చెట్టు మనిషికి అందు ఎత్తులో నిలుచును. పూత కొత్త రెమ్మలపై వచ్చును గనుక కత్తిరింపువలన కాపునకు నష్టము రాదు.

అంటుమొక్క విషయమున ఒక జాగ్రత్త మరువరాదు. అంటుకట్టిన చోటికి దిగువనుండి పుట్టెడి పిలకలు అడవిజాతివి. ముళ్ళతో, బలముతో, తొందరతో పెరుగును. వాటిని ఎప్పటికప్పుడు గిల్లివేయనిచో రెండేండ్లలో మేలురకము ఎండిపోయి అడవిమారేడు మిగులును. చీడలలో ముఖ్యమైనది నిమ్మచెట్లపై వ్రాలు సీతాకోకచిలుక పురుగే. లేతదశలో పక్షిరెట్టవలె కనబడి మోసపుచ్చును, పెరిగి ఆకుపచ్చనై రెండు దినములలో లేతమొక్కను బోడిచేయును. ఉదయము కాఫీ త్రాగుచు మొక్కచుట్టు ఒకసారి తిరిగి చేతితో ఏరివేసిన చాలును, మందుతో పనిలేదు.

నీటిని గూర్చి మాత్రము ఈ ప్రాంతమున తేలికగా మాటలాడరాదు. 1970లనాటినుండి పటాన్‌చెరువు, బొల్లారము, పాశమైలారముల చుట్టు పెరిగిన మందుల, రసాయనముల కర్మాగారముల వ్యర్థజలములు నక్కవాగున కలసి మంజీరకు చేరిన కథ, చేలును బావులును చెడిన రైతుల ఆర్తి, 1990లో అది దేశ సర్వోన్నత న్యాయస్థానమునకెక్కిన వైనము ఇక్కడివారికి తెలియనిది కాదు. వాగులకు సమీపమున ఇల్లుగలవారు బోరునీటిని పరీక్షింపజేసికొనకుండ ఏ పండ్లచెట్టును పెంచరాదని నా నిశ్చితాభిప్రాయము. ఉప్పు కొంచెము హెచ్చైనచో మారేడు, రేగు, ఉసిరి తట్టుకొనును. లోహములు, రసాయనములు తేలినచో తట్టుకొనుట చెట్టు పని కాదు, తినకుండుట మన పని. అట్టిచోట పైకప్పున కురిసిన వాననీటిని తొట్టెలో పట్టి మొక్కకు వాడుకొనుట మార్గము. రెండు మూడేండ్లు దాటిన మారేడునకు వేసవిలో పదిదినములకొక తడి చాలును గనుక ఆ నీరు సరిపోవునంతే.

నేలయే లేనివారికిని దారి మూసికొనిపోలేదు. కథారచయిత తుమ్మేటి రఘోత్తమరెడ్డి తన మిద్దెపై కూరగాయలను, పండ్లను పండించి, ఆ అనుభవమును గ్రంథస్థము చేసి, మిద్దెతోట యను మాటను తెలుగునాట ఇంటింటి మాటగా చేసిరి. వాక్కాయ, సీతాఫలము, పొట్టిరకపు మారేడు సగము కోసిన పెద్ద డ్రమ్ములో పెరుగును. పండ్లు కొద్దిగానే వచ్చును. పూజకు దళమునకు మాత్రము కొదువ యుండదు.

ఇంతకును ఇవి ఇంటిలోనే పెరుగవలసిన అగత్యమేమని అడుగువారికి ఒక్క సంగతి చెప్పవలసియున్నది. ఇక్రిశాట్ జన్యునిధిలో జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుసెనగ, చిరుధాన్యముల నమూనాలు లక్షకు పైగా భద్రముగా నున్నవి. దీర్ఘకాలము నిలువవలసిన వాటిని సున్నకు 20 డిగ్రీల దిగువ చలిలో ఉంచుదురు. జహీరాబాదు ప్రక్క పస్తాపూరు కేంద్రముగా దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళలు అట్టి చిరుధాన్యముల విత్తనములనే తమ ఇండ్ల బుట్టలలో కాపాడిరి. ధాన్యమునకు ఈ రెండు రక్షలును దక్కినవి. పండ్లచెట్టునకు ఈ పద్ధతి పనికిరాదు. గింజనుండి మొలచినది తల్లిగుణమును తప్పక తెచ్చునన్న నమ్మకము లేదు గనుక మేలైన చెట్టును చెట్టుగానే, అంటుమీద అంటుగా నిలుపుకొనవలెను. సంగారెడ్డి ఫలపరిశోధన స్థానమువారు మామిడిలో వందలాది రకములను ఈ విధముగనే సజీవముగా నిలుపుచున్నారు. రుమానిని నీలముతో సంకరము చేసి వారు పుట్టించిన రకమునకు మంజీర యని ఏటి పేరే పెట్టిరి. మామిడికి ఆ భాగ్యము దాని రుచివలనను వెలవలనను దక్కినది. మన గుడి వెనుక పెంకు పలుచగా, గుజ్జు తియ్యగా కాయు అజ్ఞాతపు మారేడుచెట్టు రహదారి విస్తరణలో పోయినచో, దాని కొమ్మనొకటి ఎవరి పెరటిలోనో అంటుగా నిలిచియుండినగాని, ఆ రుచి మరల దొరకదు.

అంటుకట్టుటకు జూన్, జులై మాసములు మంచి అదను. నాటుటకు తొలకరి తరువాతి నెల. మీ ఊరి గుడిలోనో, బడిలోనో మంచి పండునిచ్చు మారేడు ఉన్నచో పెద్దల అనుమతితో పెన్సిలు లావు రెమ్మలను తీసి, నర్సరీలో అంటుకట్టు పనివానికి ఈ ఏడే ఇచ్చి చూడుడు. కొని నాటువారైనచో గోమ యశియనియో, పంత్ అపర్ణయనియో పేరు చెప్పి అడుగుడు, అంటు అతికిన ముడిని కంటితో చూచుకొనుడు, ముడి కనబడని మొక్కకు డబ్బు ఇయ్యకుడు.